వీసీవీ ర్యాక్ కొత్తగా తెరిచినవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాడ్యులర్ సింథసైజర్ (మాడ్యూళ్లనే చిన్న చిన్న భాగాలను కేబుళ్లతో కలిపి సౌండ్ పుట్టించే వాయిద్యం) సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచి, పది నిమిషాలు అటూ ఇటూ నొక్కి, ఏమీ వినపడక మూసేసినవాళ్లు చాలామంది. వాళ్ల కోసమే ఈ పేజీ. సింథసిస్ సిద్ధాంతం జోలికి పెద్దగా పోలేదు. తెర మీద కనిపించేది ఎలా చదవాలి, చేత్తో ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం.

ఇక్కడ చెప్పేది ఏ సాఫ్ట్‌వేర్ గురించి?

వీసీవీ ర్యాక్ గురించి. ఆండ్రూ బెల్ట్ రాసిన ఈ ప్రోగ్రామ్ 2017లో బయటికొచ్చింది. రెండో వెర్షన్ 2021 చివర్లో వచ్చింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. విడిగా నడిచే వెర్షన్ ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. చెర్రీ ఆడియో వాళ్ల వోల్టేజ్ మాడ్యులర్, సాఫ్ట్‌ట్యూబ్ మాడ్యులర్, కార్డినల్ లాంటివి వాడేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. షార్ట్‌కట్లు మారతాయేమో గానీ జాక్, నాబ్, కేబుల్ అన్న లెక్క ఎక్కడైనా ఒకటే.

కింద కంట్రోల్ కీ అన్నచోటల్లా మ్యాక్ వాళ్లు కమాండ్ కీ అని చదువుకోండి.

తెరవగానే అప్పటికే కేబుళ్లు పెట్టిన మాడ్యూళ్లు కనిపిస్తున్నాయి. వాటిని ఉంచాలా, తీసేయాలా?

అది టెంప్లేట్ ప్యాచ్. ప్యాచ్ అంటే కేబుళ్లతో కలిపి పెట్టిన మాడ్యూళ్ల అమరిక. కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ అదే వస్తుంది. నా మాట వింటే మొదటిరోజే దాన్ని ఖాళీ చేసేయండి: కంట్రోల్ ఏ నొక్కితే అన్నీ సెలెక్ట్ అవుతాయి, డిలీట్ నొక్కితే పోతాయి. ఎవరో కలిపి పెట్టిన కేబుళ్ల మధ్య దారి వెతుక్కోవడం కన్నా, ఖాళీ పట్టాల మీద మీ చేత్తో ఒక్కో మాడ్యూల్ పెట్టుకుంటే ఏది ఎందుకుందో తెలుస్తుంది. భయం అక్కర్లేదు, ఫైల్ మెనూలో న్యూ నొక్కితే టెంప్లేట్ మళ్లీ వచ్చేస్తుంది. కొన్నాళ్లకు మీకు నచ్చిన అమరిక ఒకటి తయారయ్యాక దాన్నే టెంప్లేట్‌గా సేవ్ చేసుకునే ఏర్పాటు కూడా అదే మెనూలో ఉంది.

ప్యానెల్ మీద ఇన్ని గుండ్రాలున్నాయి. ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది?

ఇది సరిగ్గా అర్థమైతే మిగతాదంతా తేలికే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ప్యానెల్ మీద ఉండేవి ముఖ్యంగా రెండు రకాలు. తిప్పేవి నాబ్‌లు, మధ్యలో రంధ్రం ఉన్నవి జాక్‌లు. జాక్‌లలో మళ్లీ రెండు రకాలు: సిగ్నల్ లోపలికి తీసుకునేవి ఇన్‌పుట్లు, బయటికి పంపేవి అవుట్‌పుట్లు. ప్రోగ్రామ్‌తో పాటే వచ్చే ఫండమెంటల్ మాడ్యూళ్లలో అవుట్‌పుట్ జాక్‌ల వెనక విడిగా ఒక రంగు పట్టీ ఉంటుంది, ఇన్‌పుట్లకు ఉండదు. వేరే తయారీదారుల మాడ్యూళ్లలో పద్ధతి వేరుగా ఉండొచ్చు. కొందరు అందం కోసం ఈ తేడాను కనీకనిపించకుండా గీస్తారు, నాకైతే అది చికాకు. అలాంటప్పుడు మౌస్‌ను జాక్ మీద ఉంచండి. ఆ జాక్ పేరు, అది ఇన్‌పుటో అవుట్‌పుటో, ఆ క్షణంలో అందులో ఎన్ని వోల్టులున్నాయో చిన్న పెట్టెలో కనిపిస్తుంది. ఆ పెట్టె రాకపోతే వ్యూ మెనూలో టూల్‌టిప్స్ ఆపేసి ఉన్నాయేమో చూడండి.

ఇంకో సంగతి. ఇక్కడ సౌండ్ మోసే జాక్, కంట్రోల్ మోసే జాక్ అని వేరుగా ఉండవు. అన్నీ వోల్టేజ్‌లే. సెకనుకు 440 సార్లు ఊగే వోల్టేజ్‌ని స్పీకర్‌కి పంపితే స్వరం వినిపిస్తుంది. సెకనుకు ఒక్కసారి ఊగేదాన్ని ఫిల్టర్‌కి (సౌండ్‌లో కొంత భాగాన్ని వడగట్టే మాడ్యూల్) పంపితే ఫిల్టర్ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అందుకే ఏ అవుట్‌పుట్‌ని ఏ ఇన్‌పుట్‌కి పెట్టినా ప్రోగ్రామ్ అడ్డుచెప్పదు. ఏదీ కాలిపోదు. అసలు హార్డ్‌వేర్ కన్నా ఇక్కడ ధైర్యంగా ఉండొచ్చు.

తెర మీద అటూ ఇటూ తిరగడం ఎలా?

కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే జూమ్. మధ్య బటన్ పట్టుకుని లాగితే ర్యాక్ మొత్తం జరుగుతుంది, బాణం కీలతోనూ జరుగుతుంది. ఎక్కడున్నారో తెలియకుండా పోతే ఎఫ్4 నొక్కండి, మాడ్యూళ్లన్నీ తెరలో పట్టేలా సర్దుకుంటాయి. మాడ్యూళ్లు వద్దన్నా పక్కకు జరిగిపోతుంటే వ్యూ మెనూలో వాటి స్థానాలకు తాళం వేయొచ్చు.

మాడ్యూల్ ఎలా చేర్చాలి?

ఖాళీ చోట కుడి క్లిక్ చేయండి, లేదా ఎంటర్ నొక్కండి. మాడ్యూళ్ల బొమ్మలతో బ్రౌజర్ తెరుచుకుంటుంది. పేరు టైప్ చేస్తే వడపోత జరుగుతుంది. బ్రాండ్‌ని బట్టి, పనిని బట్టి కూడా వెతకొచ్చు. కావలసినదాని మీద క్లిక్ చేస్తే వచ్చి కూర్చుంటుంది. తీసేయాలంటే మౌస్ దాని మీద ఉంచి డిలీట్.

నాబ్‌ని అనుకున్నచోట ఆపలేకపోతున్నాను.

గుండ్రంగా తిప్పబోతున్నారేమో. మామూలు సెట్టింగ్‌లో నాబ్‌ని పట్టుకుని మౌస్‌ను పైకి, కిందికి లాగాలి. కంట్రోల్ పట్టుకుని లాగితే చాలా నెమ్మదిగా కదులుతుంది. కచ్చితమైన విలువ కావాలంటే నాబ్ మీద కుడి క్లిక్ చేసి అంకె టైప్ చేయడమే మేలు. డబుల్ క్లిక్ చేస్తే మొదటి విలువకు వెళ్లిపోతుంది. గుండ్రంగా తిప్పడమే ఇష్టమనుకుంటే వ్యూ మెనూలో నాబ్ పద్ధతి మార్చుకోవచ్చు. నేనైతే మార్చమనను.

ఒక అవుట్‌పుట్ నుంచి రెండో కేబుల్ తీయబోతే మొదటి కేబులే ఊడి వస్తోంది.

దాదాపు అందరూ తడబడేచోటు ఇది. అప్పటికే కేబుల్ ఉన్న జాక్‌ని పట్టుకుని లాగితే ఆ కేబుల్ కొసే చేతికి వస్తుంది. కొత్త కేబుల్ కావాలంటే కంట్రోల్ పట్టుకుని అవుట్‌పుట్ నుంచి లాగాలి. అంతకన్నా తేలిక దారి ఇంకోటుంది: ఎదురు నుంచి మొదలుపెట్టండి. ఖాళీగా ఉన్న ఇన్‌పుట్ దగ్గర పట్టుకుని అవుట్‌పుట్ దాకా లాగి వదిలితే, పాత కేబుల్ మీదే కొత్తది కూర్చుంటుంది. ఒక అవుట్‌పుట్ నుంచి ఎన్ని చోట్లకైనా పంపొచ్చు, సిగ్నల్ బలం తగ్గదు. చాలా సిగ్నళ్లను ఒకేచోట కలపాలంటే మాత్రం మధ్యలో మిక్సర్ పెట్టుకోండి. ఏది ఎంత కలుస్తోందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

పొరపాటున ఏది పీకేసినా కంట్రోల్ జెడ్ ఉందిగా.

ఎంఐడీఐ కీబోర్డు (కంప్యూటర్‌కి తగిలించే పియానో తరహా కీబోర్డు) లేకుండానే మొదటి సౌండ్ ఎలా తెప్పించాలి?

ఆరు మాడ్యూళ్లు చాలు. ఆడియో 2 (సౌండ్‌ని స్పీకర్‌కి పంపేది), వీసీవో (స్వరం పుట్టించేది), వీసీఎఫ్ (ఫిల్టర్), వీసీఏ (సౌండ్ ఎంత పెద్దగా ఉండాలో చూసేది), ఏడీఎస్ఆర్ (సౌండ్ ఎలా లేవాలో, ఎలా తగ్గాలో చెప్పే ఎన్వలప్), ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా ఊగే వోల్టేజ్ ఇచ్చేది). మొదటిది కోర్ విభాగంలో, మిగతా ఐదూ ఫండమెంటల్‌లో ఉంటాయి.

ముందు ఆడియో 2 సంగతి చూడండి. దాని మీదున్న చిన్న తెర నొక్కి మీ కంప్యూటర్ ఆడియో డ్రైవర్‌ని, పరికరాన్ని ఎంచుకోండి. తర్వాత దాని లెవెల్ నాబ్‌ని బాగా తగ్గించండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి, చెవులు మీవి. ఫిల్టర్ రెజొనెన్స్ ఒక్కసారిగా పెరిగితే వచ్చే కూత మామూలుగా ఉండదు.

ఇప్పుడు వీసీవో మీద సా (SAW, రంపపు పళ్ల ఆకారపు తరంగం) అని రాసి ఉన్న అవుట్‌పుట్ నుంచి ఆడియో 2 ఎడమ ఇన్‌పుట్‌కి నేరుగా ఒక కేబుల్ పెట్టండి. గరగరమంటూ ఒక స్వరం ఆగకుండా మోగాలి. మోగితే సగం పని అయినట్టే: డ్రైవర్, పరికరం, స్పీకర్ అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిపోయింది. ఈ మెట్టు దాటకుండా ముందుకు పోవద్దు.

ఆ కేబుల్ తీసేసి వరసగా ఇలా కలపండి. వీసీవో సా నుంచి వీసీఎఫ్ ఇన్‌కి. వీసీఎఫ్‌లో ఎల్‌పీఎఫ్ అవుట్ నుంచి వీసీఏ ఇన్‌కి. వీసీఏ అవుట్ నుంచి ఆడియో 2కి. ఇంకా ఆగకుండానే మోగుతుంటుంది, వీసీఎఫ్ మీద పెద్ద నాబ్‌ని తగ్గిస్తే మాత్రం గొంతు మందంగా మారుతుంది. ఇంతవరకు వేసినవన్నీ సౌండ్ నడిచే దారి.

ఇక కంట్రోల్ దారి. ఏడీఎస్ఆర్ అవుట్‌పుట్‌ని వీసీఏ సీవీ (కంట్రోల్ వోల్టేజ్) ఇన్‌పుట్‌కి పెట్టండి. టక్కున నిశ్శబ్దం! అది తప్పు కాదు. సీవీ జాక్ ఖాళీగా ఉన్నంతసేపూ ఆ వీసీఏ స్లైడర్ ఎంత చెబితే అంత తెరిచి ఉంటుంది. కేబుల్ పెట్టగానే పెత్తనం ఏడీఎస్ఆర్‌ది అవుతుంది. దానికి ఇంకా గేట్ (మొదలెట్టు, ఆపు అని చెప్పే సిగ్నల్) అందలేదు కనుక సున్నా వోల్టులు పంపుతోంది, వీసీఏ మూసుకుపోయింది. ఇప్పుడు ఎల్ఎఫ్ఓ స్క్వేర్ అవుట్‌పుట్‌ని ఏడీఎస్ఆర్ గేట్‌కి పెట్టండి. ఎల్ఎఫ్ఓ ఫ్రీక్వెన్సీ నాబ్ మీద కుడి క్లిక్ చేసి 2 అని టైప్ చేయండి. సెకనుకు రెండు సార్లు, అంటే నిమిషానికి 120 దెబ్బలు పడతాయి. ఒక్కో దెబ్బలో గేట్ పావు సెకను పైన, పావు సెకను కింద ఉంటుంది. అటాక్ (సౌండ్ లేవడానికి పట్టే సమయం), రిలీజ్ (గేట్ పడ్డాక తగ్గడానికి పట్టే సమయం) నాబ్‌లను కదిపి చూడండి. రిలీజ్ పెంచేకొద్దీ దెబ్బలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అటాక్‌ని పావు సెకను కన్నా బాగా పెంచితే పూర్తి స్థాయికి చేరేలోపే గేట్ పడిపోతుంది.

దీన్ని వెంటనే సేవ్ చేసి పెట్టుకోండి. ఇకముందు మీరు కట్టే ప్యాచ్‌లలో చాలావాటికి ఇదే ఎముకలగూడు.

అన్నీ పెట్టాను, అయినా ఏమీ వినపడటం లేదు.

చివరి నుంచి వెనక్కి రండి. ముందు ఆడియో మాడ్యూల్‌లో పరికరం ఎంచుకున్నారా, లెవెల్ మరీ సున్నాలో ఉందా చూడండి. తర్వాత కేబుల్ ఏ వైపు పెట్టారో చూడండి. ఆ మాడ్యూల్‌లో పరికరానికి వెళ్లే జాక్‌లు, పరికరం నుంచి వచ్చే జాక్‌లు రెండూ ఉంటాయి. మైకు సిగ్నల్ వచ్చే రెండోవాటి మీద మొదట్లో చాలామంది చెయ్యి పడుతుంది.

అది బాగుంటే స్కోప్ (సిగ్నల్‌ని గీతగా గీసి చూపేది) మాడ్యూల్ ఒకటి తెచ్చుకోండి. దాని ఎక్స్ ఇన్‌పుట్ నుంచి కేబుల్ లాగి, వీసీవో అవుట్‌పుట్‌లో, తర్వాత వీసీఎఫ్ అవుట్‌పుట్‌లో, తర్వాత వీసీఏ అవుట్‌పుట్‌లో వరసగా పెట్టి చూడండి. గీత ఎక్కడ చదునుగా మారిందో లోపం అక్కడే. ఊహించడం కన్నా ఇది చాలా వేగం. నా ప్యాచ్‌లన్నింటిలో ఒక మూల స్కోప్ ఊరికే కూర్చుని ఉంటుంది.

ఎక్కువసార్లు బయటపడే కారణాలు రెండు: గేట్ అందక మూసుకుపోయిన వీసీఏ, అడుగుకు దిగిపోయిన ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ.

ఎల్ఎఫ్ఓని ఫిల్టర్‌కి కలిపాను. ఏ మార్పూ లేదు, ఎందుకు?

ఇన్‌పుట్ జాక్ దగ్గరున్న చిన్న నాబ్ చూడండి. వచ్చే వోల్టేజ్‌లో ఎంత శాతం లోపలికి రానివ్వాలో చెప్పేది అదే. దాన్ని అటెన్యువర్టర్ అంటారు. మధ్యలో ఉంటే సున్నా, అంటే కేబుల్ ఉన్నా లేనట్టే. కుడికి తిప్పితే సిగ్నల్ ఉన్నది ఉన్నట్టుగా, ఎడమకి తిప్పితే తలకిందులుగా లోపలికి వెళ్తుంది. ఎల్ఎఫ్ఓ సైన్ వేవ్ మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టుల దాకా ఊగుతుందనుకోండి, చిన్న నాబ్ 20 శాతం మీద ఉంటే లోపలికి చేరేది అటో వోల్టు ఇటో వోల్టు.

పెద్ద నాబ్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెబుతుంది, చిన్న నాబ్ అక్కడి నుంచి ఎంత దూరం ఊగాలో చెబుతుంది. ఈ జంటను ఒక్కసారి పట్టుకున్నారంటే, ఎప్పుడూ చూడని మాడ్యూల్ అయినా ప్యానెల్ చూసి సగం చెప్పేయగలరు.

వోల్టుల లెక్కలు గుర్తుపెట్టుకోవాలా?

నాలుగు చాలు. సౌండ్ సిగ్నల్ సుమారు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా. ఎన్వలప్ లాంటి కంట్రోల్ 0 నుంచి 10 దాకా. గేట్ తెరిచినప్పుడు 10, మూసినప్పుడు 0. స్వరానికి వచ్చేసరికి ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ (స్థాయి) పెరుగుతుంది, కాబట్టి ఒక సెమీటోన్ అంటే వోల్టులో పన్నెండో వంతు. సున్నా వోల్టులంటే సీ4 స్వరం, 261.63 హెర్ట్జ్. వీసీవోని ముట్టుకోకుండా ఉంచితే దాని ఫ్రీక్వెన్సీ నాబ్ చూపించే అంకె కూడా అదే. ఇవి హద్దులు కావు, ఆనవాయితీలు మాత్రమే. మించితే సౌండ్ పగలొచ్చు, ఒక్కోసారి ఆ పగులుడే బాగుంటుంది కూడా.

కంప్యూటర్ కీబోర్డుతో వాయించొచ్చా?

వాయించొచ్చు. ఎంఐడీఐ టు సీవీ మాడ్యూల్ తెచ్చి, డ్రైవర్ దగ్గర కంప్యూటర్ కీబోర్డు ఎంచుకోండి. కింది వరసలో జెడ్ నుంచి ఒక ఆక్టేవ్, పై వరసలో క్యూ నుంచి తర్వాతి ఆక్టేవ్ మొదలవుతాయి. వోల్ట్ పర్ ఆక్టేవ్ అవుట్‌పుట్‌ని వీసీవోకి, గేట్‌ని ఏడీఎస్ఆర్‌కి కలపండి. ఏ కీ నొక్కారన్నది ఒక కేబుల్‌లో, ఎంతసేపు నొక్కారన్నది ఇంకో కేబుల్‌లో వెళ్తుంది. ఒక్క కేబులే పెట్టి, ఒకే స్వరం మోగుతోందనో అసలు మోగడం లేదనో కంగారుపడేవాళ్లు ఎక్కువ.

కేబుళ్లు అడ్డుపడి ప్యానెల్ కనిపించడం లేదు.

వ్యూ మెనూలో కేబుళ్ల ఒపాసిటీ తగ్గించండి. టెన్షన్ అనే స్లైడర్ కూడా అక్కడే ఉంది, దాన్ని పెంచితే కేబుళ్లు వేలాడకుండా బిగుసుకుంటాయి. ఒపాసిటీ తగ్గించినా, ఏదైనా జాక్ మీద మౌస్ ఉంచితే దానికి తగిలిన కేబుళ్లు మళ్లీ స్పష్టంగా కనిపిస్తాయి. రంగుల విషయంలో అందరూ పాటించే నియమమంటూ ఏదీ లేదు. సౌండ్‌కి ఒకటి, గేట్లకు ఒకటి, మిగతా కంట్రోల్‌కి ఒకటి అని మీరే పెట్టుకోండి. కేబుల్ పెట్టే క్షణంలో విసుగనిపించినా, నెల తర్వాత ఆ ప్యాచ్ తెరిచినప్పుడు ఎంత మేలు చేస్తుందో చూస్తారు.

సౌండ్‌లో చిటపటలు వస్తున్నాయి.

ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. ఆడియో మాడ్యూల్‌లో బ్లాక్ సైజు (ఒక్క విడతలో లెక్కించే శాంపిళ్ల సంఖ్య) పెంచండి. 44,100 హెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బ్లాక్ అంటే సుమారు 5.8 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6. ఆలస్యం కాస్త పెరుగుతుంది గానీ కంప్యూటర్‌కి ఊపిరాడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఎఫ్3 నొక్కండి. ఏ మాడ్యూల్ ఎంత తింటోందో దాని మీదే కనిపిస్తుంది. తిండిపోతుని బైపాస్ చేసి (తీసేయకుండా పని ఆపించి) చూడండి, షార్ట్‌కట్ కంట్రోల్ ఈ. పాత ల్యాప్‌టాప్ అయితే వ్యూ మెనూలో ఫ్రేమ్ రేటు తగ్గించడం కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ ప్యానెళ్లన్నీ గీయడం గ్రాఫిక్స్‌కి భారమే. ఇంజిన్ మెనూలో థ్రెడ్లు పెంచమని సలహాలు వినిపిస్తుంటాయి. అది ఆఖరి ప్రయత్నం, దాంతో మొత్తం ప్రాసెసర్ వాడకం ఇంకా పెరుగుతుంది.

లైబ్రరీ నుంచి ముందు ఏ మాడ్యూళ్లు తెచ్చుకోవాలి?

ముందు ఏవీ వద్దు. ఫండమెంటల్‌తో కొన్నాళ్లు గడపండి. మాడ్యూళ్లు పోగేయడం ఒక వ్యసనం. ఉచితంగా దొరుకుతుంటే చెయ్యి ఆగదు, వందల పేర్ల మధ్య కావలసినది కనపడక బ్రౌజరే బరువవుతుంది. ఏదో ఒకటి ఫండమెంటల్‌తో చేయలేకపోయాను అనిపించిన రోజున, ఆ పని కోసమే వెతకండి. అప్పుడు మొదట చూడదగ్గది ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఎమిలీ జిల్లే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ హార్డ్‌వేర్ మాడ్యూళ్ల ఓపెన్ సోర్స్ కోడ్ మీద కట్టినవి ఇవి. బెఫాకో వాళ్లవి కూడా చూడండి, ప్యానెళ్లు చదవడానికి తేలిగ్గా ఉంటాయి.

తెచ్చుకునే పద్ధతి: వీసీవీ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి, నచ్చినవాటిని అక్కడ మీ ఖాతాకు చేర్చుకుని, ర్యాక్ లైబ్రరీ మెనూలో లాగిన్ అయి అప్‌డేట్ నొక్కాలి. ప్రోగ్రామ్ మూసి తెరిస్తేనే అవి కనిపిస్తాయి.

కొన్ని కేబుళ్లు లావుగా కనిపిస్తున్నాయేం?

అవి పాలీఫోనిక్ కేబుళ్లు. ఒక్కోదాంట్లో 16 చానళ్ల దాకా పోతాయి. ఎంఐడీఐ టు సీవీ మీద కుడి క్లిక్ చేసి చానళ్లు పెంచితే, కార్డ్‌లు (ఒకేసారి కొన్ని స్వరాలు) వాయించినప్పుడు అన్ని స్వరాలూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి, వీసీవో నుంచి వీసీఏ దాకా వాటికవే విడివిడిగా నడుస్తాయి. ఆడియో మాడ్యూల్‌కి ముందు సమ్ అనే చిన్న మాడ్యూల్ పెట్టి అన్నింటినీ ఒకటి చేయండి.

ప్యాచ్‌ని స్నేహితులకు పంపొచ్చా?

ప్యాచ్ సేవ్ అయిన .vcv ఫైలు ఒక్కటి పంపితే సరిపోతుంది. కానీ అందులో మాడ్యూళ్లు ఉండవు, వాటి పేర్లు, సెట్టింగులే ఉంటాయి. అవతలివాళ్ల దగ్గర లేని మాడ్యూళ్లుంటే తెరిచేటప్పుడు హెచ్చరిక వస్తుంది, ఆ చోట ఖాళీ మిగులుతుంది. అలా ఖాళీలతో తెరుచుకున్నదాన్ని అదే పేరుతో సేవ్ చేయవద్దని వాళ్లకు ముందే చెప్పండి. నోట్స్ మాడ్యూల్ ఒకటి పెట్టి, ఏ నాబ్ కదిపితే బాగుంటుందో రెండు మాటలు రాస్తే ఇంకా మంచిది.

నేను పాటలు చేసే డీఏడబ్ల్యూ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) లోపల దీన్ని తెరవొచ్చా?

ఉచిత వెర్షన్ విడిగా మాత్రమే నడుస్తుంది. ప్లగిన్‌గా కావాలంటే ప్రో వెర్షన్ కొనాలి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే కార్డినల్ చూడండి. ర్యాక్ కోడ్ మీదే కట్టిన ఉచిత ప్లగిన్ అది. మాడ్యూళ్లు అందులోనే చాలా ఉంటాయి, బయటి నుంచి కొత్తవి చేర్చుకోవడం మాత్రం కుదరదు.

అసలు హార్డ్‌వేర్ మాడ్యూళ్లతో దీన్ని కలపొచ్చా?

కలపొచ్చు. ర్యాక్ అమరికంతా యూరోర్యాక్‌ని (హార్డ్‌వేర్ మాడ్యూళ్లు పాటించే కొలతల పద్ధతి) చూసి చేసినదే. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోఫర్ ఏ-100తో మొదలైన ఆ కొలతల్లో వెడల్పుని హెచ్‌పీలలో లెక్కిస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. తెర మీద మాడ్యూళ్లు జరిగే గళ్లు కూడా అవే. అయితే చిక్కు ఆడియో ఇంటర్‌ఫేస్ దగ్గర వస్తుంది. మామూలు ఇంటర్‌ఫేస్‌లు సౌండ్‌ని బాగానే పంపుతాయి గానీ, కదలకుండా నిలబడే వోల్టేజ్‌ని, అంటే స్వరాన్ని చెప్పే వోల్టేజ్‌ని, గేట్‌ని వడగట్టేస్తాయి. డీసీ కపుల్డ్ అని రాసి ఉన్న ఇంటర్‌ఫేస్ కావాలి. ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ వాళ్ల ఈఎస్-8 లాంటివి ఈ పని కోసమే తయారైనవి, నేరుగా యూరోర్యాక్ పెట్టెలోనే బిగించుకోవచ్చు. మీ దగ్గరున్న ఇంటర్‌ఫేస్ అలాంటిదో కాదో తెలియకపోతే, కొత్తది కొనేముందు దాని మాన్యువల్‌లో అవుట్‌పుట్ల వివరాల దగ్గర వెతకండి.